జీవమ్మ బటర్ ఫ్రూట్ పచ్చడి

మెక్సికో దేశానికి వంట నేర్పింది మా చెల్లెలు జీవమ్మ. దేశమంతటికీ అంటే మీరు ఒప్పుకోరేమో, ఒక ఊరికి అనుకోండి. కాన్వెంటులో నాకు చదువు చెప్పిన సిస్టరమ్మ ఎదురుగా నిలబెట్టి అడిగితే మాత్రం, ఆ దేశపు ముసలామె ఒకామె ఫోన్లో వండి చూపిస్తే జీవమ్మ నేర్చుకుందని మార్చి చెబుతాను. కానీ ఆమె రొట్టె మా జీవమ్మ రొట్టె అంత గుండ్రంగా రాదు. ఆ మాట ఎవరి ఎదురుగానైనా మార్చను.

జీవమ్మ ఆళ్ళగడ్డలో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. చారు ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఉప్పు చాలిందో లేదో చెప్పేది. వండేటప్పుడు ఒక్క చుక్క కూడా నాలుక మీద వేసుకునేది కాదు. తినేవాళ్ళు ప్రార్థన చేసి తిన్నాకే వండినవాళ్ళు ముట్టాలని మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇంట్లోనూ అంతే. భర్త ఫిలిప్ తిన్నాకే ఆమె కంచం పెట్టుకునేది.

మా బావ ఫిలిప్ పత్తిగింజల గోదాములో హమాలీల మేస్త్రీ. ఊరుబిండి పచ్చడి కారంగా లేదని పక్కన పచ్చిమిరపకాయ పెట్టుకుని కొరికే మనిషి. పొగాకు నమిలీ నమిలీ దవడలో పుండు లేచింది. నంద్యాల డాక్టర్లు చూసి కర్నూలు పంపారు. అక్కడ ముప్పై సార్లు రేడియేషన్ కరెంటు పెట్టారు. పుండు తగ్గింది గానీ మనిషి కరిగిపోయాడు. ఇంకో విడత మందు ఎక్కించాలన్నారు. అది తట్టుకోవాలంటే నలభై ఐదు కిలోలుండాలన్నారు. బావ నలభై ఒకటి ఉన్నాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక గోదాముకు పోయి, తాను ఎన్నో ఏళ్ళు బస్తాలు తూచిన కాటా మీద తానే నిలబడేవాడు. ముల్లు నలభై ఒకటి దాటేది కాదు.

నమలలేడు. కారం, పులుపు తగిలితే నోరు మండుతుంది. రాగి జావ లోటాలో పోసిస్తే పెరట్లోకి పోయి, గోడవైపు తిరిగి తాగి వచ్చేవాడు. నలుగురిలో కూర్చుని తినడం మానేశాడు. ఎట్లుందని జీవమ్మ అడిగితే "బాగుంది" అనేవాడు. పూటపూటకూ అదే మాట.

వాళ్ళమ్మాయి ప్రవళిక నంద్యాలలో టీచరు. మెత్తగా ఉంటుంది, కొవ్వు పడుతుంది, పెట్టి చూడమని ఆసుపత్రిలో ఎవరో చెబితే నాలుగు పండ్లు తెచ్చింది.

"ఏందే ఇది, మొసలి తోలు మాదిరుండాది?" అంది జీవమ్మ.

"బటర్ ఫ్రూట్ మా, అవకాడో అంటారు. మెక్సికోలో రొట్టెలోకి నంజుకుంటారు. చూడు," అని ప్రవళిక ఫోన్ పెట్టింది.

ఫోన్లో ముసలామె మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ ఆమె ముందు మూడు కాళ్ళ నల్లరాతి రోలు ఉంది. అది చూసి జీవమ్మ దగ్గరికి జరిగింది.

"రోలు పెట్టుకున్నాది. మనట్లాటి మనిషే లే," అంది.

రాయిలా ఉన్న పండ్లను బియ్యం డ్రమ్ములో పూడ్చి నాలుగు రోజులు మాగబెట్టింది. నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఆదివారం రా. నీ పక్కనైతే మీ బావ కూర్చుంటాడు. నీ కోతలు వింటా రెండు ముద్దలు ఎక్కువ తింటాడు."

వెళ్ళాను. జీవమ్మ జొన్న రొట్టెలు పల్చగా చేసి, ఉడికించిన అలసందలు మెదిపి మధ్యలో పెట్టి మడిచింది. నాకు పైన ఉల్లిపాయ, టమోటా ముక్కలు. బావకు రొట్టెను పాలలో నానబెట్టింది. తర్వాత పండు గుజ్జు రోట్లో వేసి నూరింది. ముసలామె అందులో నిమ్మకాయ పిండింది, పచ్చిమిరప వేసింది. బావకు రెండూ పనికిరావు.

"కారం లేదు, పులుపు లేదు. తిరగవాతన్నా పెట్టకుంటే అదేం పచ్చడి?" అని జీవమ్మ బాండలి పెట్టింది. నూనెలో జీలకర్ర, తెల్లగడ్డ, కరివేపాకు వేసి, పచ్చివాసన పోవాలని గుజ్జును కూడా అందులో వేసి బాగా తిప్పింది. ఏ పచ్చడికైనా మేము చేసేది అదే. మంట చూపిస్తే ఆ పండు చేదెక్కుతుందని ఆళ్ళగడ్డలో ఎవరికి తెలుసు?

బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎన్ని నెలలకో కంచం ముందు కూర్చున్నాడు. జీవమ్మ ప్రార్థన చేసింది. వడ్డించి ఎదురుగా నిలబడింది.

నేను ముందు నోట్లో పెట్టుకున్నాను. వేపాకు రసం. మింగలేక కక్కలేక బావవైపు చూశాను. ఆయన మెల్లగా, శ్రద్ధగా తింటున్నాడు.

"తెల్లగడ్డలు బాగా ఏగినాయి. ఇంగొంచెం ఎయ్," అన్నాడు.

జీవమ్మ ముఖం చూడాలి అప్పుడు. రెండు గరిటెలు వేసింది. ఆయన అదీ తిన్నాడు. నేను కూడా తినేశాను. అంతకంటే ఏం చేయగలను?

తర్వాత ఆమె కంచం పెట్టుకుంది. మొదటి ముద్ద దగ్గరే చెయ్యి ఆగింది. నావైపు చూసింది, ఊడ్చినట్టున్న బావ కంచంవైపు చూసింది.

"నీకెట్లుండె అన్నా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఆ ముసలామె నీకు నమస్కారం పెడుతుంది," అన్నాను. డెబ్బై ఏళ్ళలో నేను చెప్పిన అబద్ధాల్లో ఒక్కటి అతకాల్సిన రోజున అది అతకలేదు.

"ఏమయ్యా," అంది జీవమ్మ భర్తతో. "ఇది చేదుండాది."

బావ ఖాళీ కంచం పక్కకు జరిపాడు.

"అట్లనా," అన్నాడు.

"తెలీలేదా నీకు?"

"కరెంటు పెట్టినప్పట్నుంచీ ఏమీ తెలీదు జీవమ్మా. జావ, నీళ్ళు, అంతా ఒకటే."

"మరి రోజూ బాగుందంటాంటివే."

"పోసేటప్పుడు నీ మొహం చూస్తాంటి. ఎట్లొచ్చిందో అందులో తెలిసిపోతాండె. అది చూసి చెప్తాంటి."

జీవమ్మ లేచి, మిగిలిన పచ్చడి తీసుకుని పెరట్లోకి పోయింది. గిన్నె తోముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. నేనూ బావా గోడ చూస్తూ కూర్చున్నాం.

మర్నాటి నుంచి ఆమె అమ్మ నేర్పిన పద్ధతి వదిలేసింది. పచ్చడి పొయ్యి మీద పెట్టకుండా చేసి, ముందు తానే వేలితో నాకి చూసి, ఆయన పక్కన కూర్చుని చెప్పేది. "ఇయ్యాల పండు వెన్న మాదిరుండాది. కొత్తిమీర వాసన ముందొస్తాది, ఉప్పు ఎనకొస్తాది. అలసందలు కొంచెం తియ్యగుండాయి." ఆయన కళ్ళు మూసుకుని వింటూ తినేవాడు. వినడం అయ్యేలోగా కంచం ఖాళీ అయ్యేది. ప్రవళిక వారం వారం పండ్లు తెచ్చేది. కాటా ముల్లు నలభై రెండుకు వచ్చింది, తర్వాత నలభై మూడున్నరకు. జీవమ్మ రాజ్మా నేర్చుకుంది, మొక్కజొన్న పిండితో రొట్టె నేర్చుకుంది.

నలభై నాలుగు దగ్గర పుండు మళ్ళీ లేచింది, ఈసారి గొంతులో. ఇంక మందు ఎక్కించి లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపారు. ముక్కులో గొట్టం వేశారు. గొట్టంలో జావ పోసేటప్పుడు కూడా జీవమ్మ ముందు ఒక చెంచా తాగి, ఎట్లుందో చెప్పి, అప్పుడు పోసేది. శ్రావణం దాటకముందే బావ పోయాడు.

ఇప్పుడు ఆమె ఆ దేశపు వంటలు వండదు. ప్రవళిక అలవాటు కొద్దీ ఒకసారి రెండు పండ్లు తెస్తే పక్కింటి రామేశ్వరమ్మకు ఇచ్చేసింది.

ఇదంతా రాసి మొన్న జీవమ్మకు చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ చివరిదాకా విన్నది.

"అంతా అబద్ధం," అంది. "నేను వండింది ఎప్పుడూ చేదు కాలేదు. మీ బావకు కడదాకా రుచి తెలుస్తాండె."