కొత్త జాకెట్లు లేని డిసెంబరు

దసరా వెళ్లిన మర్నాటి నుంచీ తబిత ఇంట్లో నేల కనపడేది కాదు. నిడదవోలు స్టేషను వెనక వీధిలో రెండు గదుల ఇల్లు ఆమెది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, దాని చుట్టూ గుడ్డ సంచులు. ఒక్కో సంచీ ఒక్కో కుటుంబం. కూతురికి తల్లి కొన్న చీర తాలూకు జాకెట్టు గుడ్డ, మనవరాలి గౌనుకి మూడు మీటర్ల శాటిను, ఇంట్లో పనిచేసే మనిషికి పెట్టే నూలు చీరకి జాకెట్టు. వాళ్ల చర్చి సంఘంలో క్రిస్మస్ కానుక అంటే కొత్త బట్టలే. ఎవరు ఎవరికి ఏం పెడుతున్నారో, ఏ ఆడపడుచుకి ఈ ఏడు పెట్టడం మానేశారో అందరికన్నా ముందు తబితకే తెలిసేది.

నవంబరు సగం దాటాక "ఇంక తీసుకోనండి, నా వల్ల కాదు" అనేది. అంటూనే చెయ్యి చాపి సంచీ అందుకునేది. ఆ రెండు నెలల పనే మిగతా పది నెలల్నీ నిలబెట్టేది. కూతురు కృపారాణి కాలేజీ ఫీజూ, పైకప్పు రేకులూ, మిషనుకి తగిలించిన మోటారూ అన్నీ డిసెంబర్లలో సంపాదించుకున్నవే.

ఆమె పుట్టింది ధవళేశ్వరంలో. తండ్రి కాలవల ఆఫీసులో వాచ్‌మన్. బైబిల్లో విధవరాళ్లకి బట్టలు కుట్టిపెట్టిన తబిత పేరు కూతురికి పెట్టుకున్నాడు గానీ, ఆ పేరుతో పాటు పని కూడా వస్తుందని అనుకోలేదు. పదో తరగతి తప్పాక చర్చివాళ్ల కుట్టు సెంటరులో ఆరు నెలలు నేర్చుకుంది. పెళ్లయి నిడదవోలు వచ్చింది. భర్త ఏసుపాదం ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు. అతను ఎంత నెమ్మదో ఆమెకి అంత కోపం. జాకెట్టు బిగిసిందని ఎవరైనా వెనక్కి తెస్తే, "జాకెట్టు సరిగ్గానే ఉందండి, మీరు ఒళ్లు చేసేరు" అని మొహం మీదే చెప్పేది. అయినా అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె కుట్టు ఊడేది కాదు.

రెండువేల ఇరవై మార్చిలో రైళ్లు ఆగిపోయాయి. ఏసుపాదం టీ క్యాను కడిగి అటక మీద పెట్టాడు. ఏప్రిల్లో రూతు టీచరు ఫోను చేసింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఇరవై ఏళ్లుగా ఆవిడ జాకెట్లన్నీ తబితే కుట్టింది.

"మాస్కులు కావాలి తబితా. గుడ్డ పంపిస్తాను. ఇది సేవ అనుకో" అంది.

తబిత సేవ అనే అనుకుంది. తన దారం, తన కరెంటు పెట్టి నాలుగు వందల మాస్కులు కుట్టింది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. కమిటీవాళ్లు వరసగా నిలబడి పోలీసులకి మాస్కులు ఇస్తున్నారు. కింద అందరి పేర్లూ ఉన్నాయి, తబిత పేరు లేదు. కృపారాణి చదివి వినిపించి తల్లి మొహంలోకి చూసింది. "పోనీలే" అంది తబిత.

ఆగస్టులో రూతు టీచరు తమ్ముడు శాంతికుమార్ రాజమండ్రి ఆసుపత్రిలో కరోనాతో పోయాడు. శవాన్ని చూపించలేదు. ఆవిడ ఆ తరవాత చాలా రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. తబిత ఆవిడ కోసం ప్రార్థన చేసింది. నిజంగానే చేసింది.

నవంబరు రెండో వారంలో గ్రూపులో మెసేజి పడింది. కృపారాణి ఆన్‌లైను క్లాసు మధ్యలో ఆపి చదివింది. ఈ సంవత్సరం క్రిస్మస్ అందరం ఇళ్లలోనే చేసుకుందాము. ఆరాధన యూట్యూబులో వస్తుంది. సంఘంలో ఎన్నో ఇళ్లు దుఃఖంలో ఉన్నాయి కనుక ఆడంబరం వద్దు. కొత్త బట్టలు కొనవద్దు, కుట్టించవద్దు. కానుకలు చిన్నవిగా, ఇంట్లో చేసినవిగా ఉండనివ్వండి. ఒక కేకు ముక్క, ఒక మొక్క, చేత్తో రాసిన కార్డు. అలా మిగిలిన దానితో పేదవారిని ఆదుకుందాము. కింద రూతు టీచరు పేరు.

ఒకరి తరవాత ఒకరు ఆమెన్ పెట్టారు. తబిత కూడా కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని ఆమెన్ నొక్కింది. సంఘం మాట వస్తే ఆమెన్ అనడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. నొక్కాక ఫోను ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం కూర్చుంది. ఆ తరవాత అర్థమైంది.

మర్నాటి నుంచి గుమ్మం దగ్గరికి జనం రావడం మొదలుపెట్టారు. కుట్టించుకోవడానికి కాదు, ఇచ్చిన గుడ్డలు తీసుకెళ్లిపోవడానికి. "వచ్చే ఏడు చూద్దాంలే తబితా. టీచరుగారు అంత మంచి మాట చెప్పేక మనం కుట్టించుకుంటే బావోదు కదా" అన్నారు. కొందరివి అప్పటికే కత్తిరించేసింది. వాటిని కూడా అలా ముక్కలుగానే పట్టుకెళ్లారే గానీ కుట్టమనలేదు. వారం తిరిగేసరికి ఇంట్లో నేల కనపడింది. సంచులు లేని ఆ నేలని చూస్తే తబితకి ఒళ్లు మండేది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది.

"అందరికీ కష్టకాలమే కదే" అన్నాడు ఏసుపాదం.

"అందరికీ పెన్షన్లు, జీతాలు వస్తున్నాయండి. మీ క్యాను అటకెక్కింది, నా మిషను మూలకెక్కింది. అందరికీ అనకండి."

ఆమెకి కోపం కొత్త బట్టలు వద్దన్నందుక్కాదు. చావులు జరిగిన ఇళ్ల మధ్య శాటిను గౌన్లు వేసుకు తిరగడం ఆమెకీ ఇష్టం లేదు. ఇంతమంది కూర్చుని, ఫోన్లలో మాట్లాడుకుని, కానుకల సంగతి తేల్చేటప్పుడు, ఆ కానుకలు కుట్టే మనిషి ఒకతె ఉందని ఒక్కరికీ తట్టలేదు. తట్టక్కర్లేదనుకున్నారు. అది ఆమెకి మింగుడు పడలేదు.

డిసెంబరు పంతొమ్మిదిన, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, వాకిట్లో స్కూటరు ఆగింది. కమిటీ కోశాధికారి శ్యాంబాబు, వెనక రూతు టీచరు. ఇద్దరికీ మాస్కులు. టీచరు నాలుగేళ్ల కిందటి బిస్కెట్ రంగు జాకెట్టు వేసుకుంది. చెప్పిన మాట ఆవిడ నిలబెట్టుకుంటోందని తబిత గమనించింది. భుజాలు జారుతున్నాయనీ, మనిషి బాగా చిక్కిందనీ కూడా గమనించింది.

శ్యాంబాబు ఒక పెద్ద కవరు అరుగు మీద పెట్టి జేబులోంచి కాగితం తీశాడు. "పద్నాలుగు, తబిత" అని టిక్కు పెట్టుకున్నాడు. "ఒక్కసారి కవరు చేత్తో పట్టుకోమ్మా. ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి."

తబిత కవరు విప్పింది. బియ్యం, నూనె ప్యాకెట్టు, కేకు, వాటి కింద మడత పెట్టిన నైటీ. నైటీ బయటికి తీసి, ఎప్పుడూ ఏ బట్టనైనా చూసినట్టే, లోపలి వైపు తిప్పి చంక కుట్టు చూసింది. గోరు పెట్టి దారం లాగింది. కుట్టు సర్రున జానెడు ఊడొచ్చింది.

"ఇదెక్కడిదండి?"

"రాజమండ్రిలో హోల్‌సేలులో తెచ్చేం. నలభై" అన్నాడు శ్యాంబాబు.

"కొత్త బట్టలు వద్దన్నారు కదండి."

"అది మనకమ్మా. ఇవి పేదవాళ్లకి."

"నా పేరు ఎవరు రాసేరండి అందులో?"

శ్యాంబాబు టీచరు వైపు చూశాడు. ఏసుపాదం లోపల్నుంచి వచ్చి, "ఇచ్చింది తీసుకో తబితా, పెద్దవాళ్లు గుమ్మంలోకి వచ్చేరు" అన్నాడు. తబిత అతని వైపు తిరగనే లేదు.

"నేనే రాశాను" అంది రూతు టీచరు. "పని లేదని విన్నాను. తప్పుగా అనుకోకు తబితా, ప్రేమతోనే తెచ్చాం."

"పని లేదని విన్నారా? ఎవరు లేకుండా చేసేరో వినలేదా అండి? నవంబరు పదో తారీఖు దాకా ఈ ఇంట్లో ముప్ఫై రెండు సంచులున్నాయి. మీ మెసేజి వచ్చిన వారంలో అన్నీ వెళ్లిపోయేయి. నన్ను పేదదాన్ని చేసింది మీరు. చేసి, లిస్టులో రాసి, ఇప్పుడు నలభై నైటీల్లో ఒకటి పట్టుకొచ్చేరు. ఈ నైటీలైనా నాకు కుట్టమని ఇవ్వాలని తోచలేదా మీకు? ఏప్రిల్లో మాస్కులకి తోచేను కదా. ఊరికే కుట్టాలంటే తబిత గుర్తొస్తుందండి. కూలి ఇవ్వాల్సినప్పుడు రాజమండ్రి గుర్తొస్తుంది."

"గొంతు తగ్గించమ్మా, వీధిలో వింటున్నారు" అన్నాడు శ్యాంబాబు.

"విననివ్వండి. మీరు ఫోటో తీసి ఊరందరికీ చూపించుకోవచ్చు, నేను మాట్లాడితే వీధి వినకూడదా?"

టీచరు కళ్లు తడిశాయి. "మా తమ్ముడు పోయిన ఏడాది ఇది. నాకు పండగ చెయ్యాలనిపించలేదు. నాలాంటి వాళ్లు ఎంతమందో అనుకున్నాను. అంతే."

"నాకు తెలుసండి. ఆయన కోసం నేనూ ఏడ్చేను. సింపుల్‌గా చేసుకోవడం తప్పని అనట్లేదు. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదండి. నా కూతురికి పుట్టిందగ్గర్నుంచీ నేను కొత్త గుడ్డ కొన్లేదు. మిగిలిన ముక్కలు అతికి గౌన్లు కుట్టేను, పాత చీరలు చింపి పరికిణీలు కుట్టేను. చవగ్గా కానుకలివ్వడం ఎలాగో ఈ సంఘంలో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మీ బీరువాల్లో పాత పట్టుచీరలు మూలుగుతున్నాయి. తెచ్చి కుట్టించుకోండి అని ఉంటే మీకు కొత్త గుడ్డ కొనే పని లేదు, నాకు కూలి దక్కేది. కేకు ముక్కలు, మొక్కలు అన్నారు. మీకు మొక్క గుర్తొచ్చింది గానీ మనిషి గుర్తు రాలేదు."

నైటీ మడిచి కవరులో పెట్టింది. కవరు ఎత్తి స్కూటరు మీద పెట్టింది. శ్యాంబాబు కాగితం మీద పెట్టిన టిక్కుని ఏం చెయ్యాలో తెలీక కాసేపు చూసి బండి తిప్పాడు.

స్కూటరు వెళ్లాక ఏసుపాదం, "బియ్యం ఉంచుకోవాల్సింది" అన్నాడు.

"ఉంచుకుంటే ఈ మాటలు అనే హక్కు పోయేదండి నాకు" అంది తబిత.

సాయంత్రం కూతుర్ని పిలిచి గ్రూపులో మాట రికార్డు చేసి పంపడం ఎలాగో చూపించమంది. వాకిట్లో అన్న మాటలే ఇంకోసారి, ఇంకొంచెం నిదానంగా చెప్పింది. "నవంబరులో పెట్టిన ఆమెన్ నేను వెనక్కి తీసుకుంటున్నాను. పాత చీరలు, పాత చొక్కాలు ఎవరి దగ్గరున్నా తీసుకురండి. కుడతాను. కూలి పూర్తిగా ఇవ్వాలి" అని ముగించింది. ఇలాంటి విషయాలు గ్రూపులో వద్దని శ్యాంబాబు రాశాడు. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మిగతా గ్రూపంతా విని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే మొదట వచ్చింది ప్రిస్కిల్లా. ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలో నర్సు. "తొమ్మిది నెలలు ఆ ప్లాస్టిక్ సూట్లో చెమటకి నానిపోయేనక్కా. మా అమ్మ చీర ఇది. నాకో లాంగ్ గౌను కుట్టు. పండగకి నాకు నేనే ఇచ్చుకుంటాను" అంది. ఆమె తరవాత ఇంకో ఏడుగురు వచ్చారు. ఎనిమిది సంచులు. ముప్ఫై రెండెక్కడ, ఎనిమిదెక్కడ అని తబిత పళ్లు బిగించుకునే కుట్టింది. కుట్లు మాత్రం వంకర పోలేదు.

ఇరవై మూడున రూతు టీచరు ఒక్కతే నడిచి వచ్చింది. చేతిసంచిలోంచి రెండు చొక్కాలు తీసి మిషను మీద పెట్టింది. ఒకటి నీలం గళ్లది, ఒకటి తెల్లది.

"శాంతివి. వాడి మనవరాలికి నాలుగేళ్లు. ఏమైనా వస్తుందా వీటిల్లో?"

తబిత గళ్ల చొక్కా పరిచి చేత్తో కొలిచింది. కాలరు అరిగింది గానీ వీపు గట్టిగా ఉంది. "గౌను వస్తుందండి. తెల్లదాంతో కాలరు, జేబులు వేస్తాను. పిల్ల పొడుగెంత?"

టీచరు చెయ్యి గాలిలో పెట్టి చూపించింది. తబిత స్టూలు జరిపి కూర్చోమంది, మంచినీళ్లు ఇచ్చింది. నీళ్లు తాగి టీచరు, "తప్పు చేశాను తబితా. గ్రూపులో కూడా రాస్తాను" అంది. 

"రాయండి" అంది తబిత. "ఈసారి ఏదైనా అనుకునేటప్పుడు నన్నూ పిలవండి మీటింగుకి."

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉందండి. గౌను రేపు మధ్యాహ్నానికి ఇస్తాను."

ఇచ్చింది. కూలి తగ్గించలేదు, టీచరూ తగ్గించమని అడగలేదు. పండగనాడు ముగ్గురూ ఫోను గోడకి ఆనించి ఆరాధన చూశారు. కృపారాణి మిగిలిన ముక్కలతో కుట్టిన కుర్తీ వేసుకుంది.

టీచరు గ్రూపులో రాసింది, ఫిబ్రవరిలో తబితని కమిటీలోకి తీసుకున్నారు. అంతమాత్రాన పోయిన పని తిరిగి రాలేదు. ఆ ఏడు కుట్టించుకోకుండా ఊరుకున్న వాళ్లలో సగం మంది ఫోన్లో రెడీమేడ్ జాకెట్లు కొనడం మరిగారు. ఏసుపాదం ఏడాది పాటు జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల్లో గెలలు మోసి, నడుం పట్టేశాక తిరిగొచ్చి మళ్లీ క్యాను దించాడు.

తరవాత రెండేళ్లకి, ఇంకో డిసెంబరులో, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ పాత సంగతులు ఎత్తింది. "ఎంతైనా కరోనా ఏడు క్రిస్మస్సే బావుంది తబితా. హడావిడి లేదు, ఖర్చు లేదు. ఎంత ప్రశాంతంగా జరిగిందో."

తబిత నోట్లో పట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

"మీకు జరిగిందండి" అంది. "చెయ్యెత్తండి, చంక కొలత తీసుకోవాలి."