చప్పుడు గిట్టని ముకుందం

ముకుందానికి లోకంలో ఒక్కటే శత్రువు: కదిలే వస్తువు తన హద్దును తాకినప్పుడు పుట్టే చప్పుడు. సొరుగు ధడేలుమంటే చాలు, తపోభంగమైన ముని వలె లేచి, దానిని ముందుకూ వెనుకకూ ఆడిస్తూ చెవి ఒగ్గేవాడు. మొయినాబాద్‌లోని వారింట అలమర తెరవాలంటే భార్య వసంత ఆయన స్నానానికి వెళ్ళేదాకా కాచుకొనేది.

సాఫ్ట్‌వేర్ కొలువులు చేవెళ్ల దారికి పొంగి వస్తున్న రోజులవి. మాదాపూర్ కంపెనీలో ఆయన పనీ అదే. రెండు హద్దుల నడుమ తిరుగాడే యంత్రభాగం వాటిని ఎంత బలంతో తాకుతుందో కంప్యూటరులో లెక్కగట్టడం.

"అందరి మొగోళ్లు ఇంటికొచ్చి టీవీ చూస్తరు. మీరు తలుపు చూస్తరు," అనేది వసంత.

"టీవీల ఏమున్నది? జర ఈ గడియ సంగతి విను!"

అటువంటి మహానుభావుడికి అజీజ్‌నగర్‌లో ఒక ఫార్మ్‌హౌస్ గేటుపై మోహం కలిగింది. చక్రాలపై జరిగే ఇనుపగేటు. రెండు కొసలా జయవిజయుల వలె రెండు స్తంభాలు. ప్రతి ఆదివారం అక్కడే నిలబడేవాడు. ఇంట కంప్యూటరులోనూ అదే గేటు అటూ ఇటూ పరుగెత్తేది. పరాయి గేటు దగ్గర మొగుడికేం పనో తేల్చుకుందామని వసంత ఒకనాడు వెంట వెళ్ళింది.

వాచ్‌మన్ నతానియేలు దండం పెట్టాడు. "గేటు పక్కదే మా అర్ర, అమ్మా. దడాలుమంటే మా చంటిది ఉలిక్కిపడి ఏడుస్తది. ఏడుపు ఆగకుంటే వేరేతాన పని చూసుకోమన్నడు మా సారు. ఇయ్యాలనే చుట్టాలతోని వస్తుండు."

"స్తంభానికి టైరు ముక్క కట్టినవు గదన్నా?" అన్నాడు ముకుందం.

"కట్టిన సార్! గేటు దానికి తాకి, వాపసు ఉరికి, ఆ కొసన గుద్దుకున్నది. మునుపు ఒక్క చప్పుడు, ఇప్పుడు రెండు. పిల్ల గూడ రెండుమాట్ల ఏడుస్తున్నది."

ముకుందం ముఖం వికసించింది. "టైరు దెబ్బను తిరిగి ఇస్తది. మనకు మింగేది కావాలె. కంప్యూటర్ల మస్తు చూసిన, ఇసుకే సరి." అంటూ సంచిలోంచి ఇసుక మూటలు తీసి రెండు కొసలా బిగించాడు. అవి తన దిండు గలేబులని వసంత గుర్తుపట్టింది. ఈసారి కోపం రాలేదు.

"ఇంట్ల ఒక్క మాటన్న చెప్పలే?"

"చెప్తే నువ్వు గూడ ఫికర్ పడ్తవని."

ఇంతలో కారు లోపలికి వచ్చింది. నతానియేలు గేటు మూశాడు. యజమాని దిగి, "గేటు వేసినవా? చప్పుడే రాలే!" అంటూ నమ్మక, తానే తెరిచి బలంకొద్దీ నెట్టాడు. గేటు ఇసుకలో మెత్తగా ఒదిగి, అక్కడే నిలిచిపోయింది.

"పిల్ల ఏది? ఊరికి పంపినవా?"

"అర్రల పండుకున్నది సార్."

యజమాని గొంతు తగ్గించాడు. "పండుకోని. మీరు గూడ ఈడనే ఉండుండ్రి."

పట్టలేని ఆనందంతో ముకుందం చప్పట్లు కొట్టబోయాడు. దూసుకువస్తున్న ఆ రెండు అరచేతుల నడుమ వసంత తటాలున తన చేయి పెట్టింది.