నీళ్లు చల్లిన కాయలు

నా కూతురు నస్రత్ చిన్నప్పటినుంచీ ఏదీ పైకి చెప్పే పిల్ల కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే వాళ్ల నాన్న 2008 వేసవిలో పోయారు. అప్పట్నుంచి ఇంట్లో మాటలు ఇంకా తగ్గాయి.

ఆ మరుసటేడు గుంటూరు కాలేజీవాళ్లు డిగ్రీ పాఠాలు సగం కంప్యూటర్లో పెట్టారు. మా ఊళ్లోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వినాలి. విని వచ్చిన రోజు నస్రత్ అన్నం కెలికి లేచిపోయేది. దాని అన్న సిలార్ చూసి చూసి ఒకరోజు అనేశాడు.

"పడనప్పుడు ఎందుకే ఆ చదువు? కాలేజీ మేడం వస్తుందిగా. నాలుగేసిందా, మానిపిస్తా."

పాఠాలవల్ల పిల్లల మీద ఎంత ఒత్తిడి పడుతోందో కొలవడానికి శ్రీరమ్య మేడం ఇళ్లకొచ్చి అడుగుతోంది. ఏమీ లేకపోతే సున్నా, బాగా ఎక్కువైతే నాలుగు. ఆమె వచ్చేసరికి మేం ముగ్గురం వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాం.

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండి. సున్నా."

"గుండె దడ?"

"సున్నా వేసుకోండి."

"ఏడుపొస్తోందా?"

"లేదండి."

మేడం తలెత్తింది. "కళ్లు అంత ఎర్రగా ఉన్నాయే?"

"మిరపకాయల ఘాటండి."

మేడం నమ్మింది. నా చేతిలో కాయ ఆగిపోయింది. తొడిమలు తీసేముందు కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరుస్తాం. ఇక ఘాటు లేవదు. ఆ సంగతి సిలార్‌కీ తెలుసు. వాడు నోరు తెరిస్తే పిల్ల చదువు అక్కడితో సరి. వద్దన్నట్టు వాడి వంక చూశాను.

"నీళ్లు చల్లిన కాయలండీ," అన్నాడు వాడు. "ఘాటెక్కడిది? ఏడ్చింది. నాలుగెయ్యండి."

"వేయించు. మానిపించు," అంది నస్రత్, వాడిని కొట్టేలా చూస్తూ.

మేడం పెన్ను కింద పెట్టింది. "ఎందుకమ్మా ఏడుపు?"

"మధ్యలో లైను పోతుందండి. తెర మీద సారు నోరు తెరిచి అలాగే ఆగిపోతారు. మా నాన్న కూడా..."

ఆ చివరి పూట ఆయన మొహం మేం ముగ్గురం చూశాం. తర్వాత ఎవరమూ ఆ ఊసెత్తలేదు.

సిలార్ లేచి గుమ్మందాకా వెళ్లి, అటు తిరిగే నిలబడ్డాడు.

"మానెయ్యాలా అన్నా?"

"సోమవారం పాఠం ఎన్నింటికే?"

"పదింటికి."

సోమవారం వాడు పనికి పోకుండా సెంటర్లో దాని పక్క కుర్చీలో కూర్చున్నాడు. సారు ఆగినప్పుడల్లా, "ఏం కాలేదే, సారుకి తుమ్మొచ్చింది. ఉండు, ఇప్పుడు తుమ్ముతాడు," అన్నాడట. అన్నం తింటూ నస్రత్ నాకు చెప్పింది. చెప్పి, ఇంకొంచెం పెట్టమని పళ్లెం ముందుకు జరిపింది.