చిన్నకోడలి రెండు చుట్ల ముడి

డెబ్బైల తొలి సంవత్సరాల వరకు మా ఇంట్లో విసురువల అల్లే హక్కు పెద్దకోడలినైన నాదే. పామర్రుకు దిగువన, కాలువ గట్టు మీద ఇల్లు. మామగారు ఆ కాలువలోనే వల విసిరేవారు. ఏ వలకు ఎన్ని వరుసలు, ఏ వరుసకు ఎన్ని వలకళ్ళు అన్నది నేను నోటుబుక్కులో రాసి ఉంచేదాన్ని. తొమ్మిదేళ్ళలో నేను అల్లిన నూలు వలలు ఏడు. ఒక్కటీ వంకరగా పడలేదు.

అటువంటప్పుడు మామగారు బెజవాడ నుంచి మొదటిసారి నైలాను దారం తెచ్చారు. దారం చుట్టే కండె, వలకంటి కొలతకు వాడే వెదురు బద్ద నాకే ఇస్తారని చెయ్యి చాచాను. ఆయన వాటిని, కాపురానికి వచ్చి మూడు నెలలైనా కాని చిన్నకోడలికి ఇచ్చారు.

"నీకు నూలే అలవాటమ్మా. ఇది నున్నగా ఉంటది, ముడి జారిపోద్ది. సముద్రం వైపు పిల్ల, దానికి తెలుసు," అన్నారు.

తెలియకపోతే నాకు నేర్పించవచ్చు గదా! పనే చేతిలోంచి తీసేయడం ఏ న్యాయం? ఆ ప్రశ్న ఆనాడే రాసుకున్నాను, నేటికీ కొట్టివేయలేదు.

బియ్యంలో రాళ్ళు ఏరే నెపంతో రోజూ ఆమెకు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. ఆమె తప్పులన్నీ రాయడమే నా ఉద్దేశం. ముడి ముడికీ దారం రెండు చుట్లు తిప్పి వృథా చేస్తోంది. నేనైతే ప్రతి వరుసలోనూ సమంగా కళ్ళు పెంచుతాను. ఈమె మూడు వరుసలు ఊరుకుని నాలుగో దానిలో ఒక్కసారిగా పెంచుతోంది. ఎన్ని పెంచిందో కూడా రాశాను.

"ఏంటక్కా రాస్తున్నావ్? నా మీద పాటా?" అని నవ్విందామె.

"ఆవకాయ కొలతలు."

"ఎన్ని జాడీలు పడతావేంటి, పుస్తకం అయిపోయేట్టుంది!"

వల అంచుకు బరువుగా సీసపు గుళ్ళు కట్టడం పూర్తయిన రోజు మామగారు వాకిట్లోనే వల విసిరి చూశారు. పళ్ళెంలా గుండ్రంగా పరచుకుంది. వీధంతా వచ్చి మెచ్చుకుంది. నేను బియ్యం చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

కొంతకాలానికి ఆమె పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మామగారి తమ్ముడు తనకూ అచ్చం అలాంటి వలే కావాలన్నారు. నేను అల్లుతానని ముందుకు వచ్చాను. తప్పులని రాసుకున్న పట్టికనే ఎదురుగా పెట్టుకుని, రెండు చుట్లూ తిప్పి, ప్రతి నాలుగో వరుసకూ కళ్ళు పెంచుతూ అల్లాను. ఒక్క ముడీ జారలేదు. వాకిట్లో విసిరితే అదీ అంతే గుండ్రంగా పడింది.

మామగారు అంచు పట్టుకుని చుట్టూ చూసి, సంతోషంగా, "చిన్నది వెళ్తా వెళ్తా నేర్పి పోయిందామ్మా?" అన్నారు.

"ఎవరూ నేర్పలేదండీ. చూసి రాసుకున్నాను."

"ఎవర్ని చూసి?"

వాకిట్లో నలుగురూ నా వైపే తిరిగారు. చిన్నకోడల్ని చూశానని నా నోటితో నేనే చెప్పవలసి వచ్చింది.