సర్కారు మొక్కకి ఉప్పు

పోయిన వారం మా పెద్దబ్బాయి కొత్తగా కొన్న దిబ్బ నేలలో కొబ్బరి మొక్కలు వేయిస్తుంటే చూద్దామని వెళ్ళాను. చూడడమంటే ఏముంది, ఈ వయసులో నేను చేసేది గోతుల పక్కన కుర్చీ వేయించుకుని పనివాళ్ళకి అడ్డం పడడమే. గొయ్యి తవ్వి, అడుగున ఇసక పోసి, దాని మీద ఇంత ఉప్పు చల్లి మొక్క దింపడం మా సీమలో ఎవరికీ నేర్పక్కర్లేని పని. ఉప్పు తింటేనే కొబ్బరి కాస్తుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మావాడు తట్టలోంచి దోసెడు ఉప్పు తీసి గోతిలో వేస్తుంటే, తెల్లగా మెరిసే ఆ ఉప్పు చూసి నా చెయ్యి వణికింది. చలి వేస్తోందనుకుని వాడు తన కండువా తీసి నా మీద కప్పాడు. చలి కాదురా, భయం అంటే వాడికి అర్థం కాదు. అది ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల నాటి భయం, వాడు పుట్టక ముందుది. అందుకని కండువా కప్పుకునే కూర్చున్నాను.

మా ఊరు రాజోలుకి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున. ఆ రోజుల్లో ఒడ్డంట రేవు వీధి ఉండేది. అందులో రెండు వరసల ఇళ్ళు. ఏటికి వీపు పెట్టినవి ఏటి వరస, వాటికి ఎదురుగా ఊరివైపు ఉన్నవి ఊరి వరస. మధ్యలో వీధి అన్నమాటే గానీ, నడిచేందుకు చోటుండేది కాదు. ఒక పక్క బోర్లించిన పడవలు, ఒక పక్క ఎండేసిన వలలు, కొబ్బరి డొక్కలు, పడవ సందులకి రాయడానికి గుగ్గిలం కాగే పొయ్యిలు. ఆ గుగ్గిలం వాసన బట్టలకి పట్టేది, అన్నానికి పట్టేది, పెళ్ళిచూపులకి వెళ్ళినా మాతో వచ్చేది. నాకు పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునే మాట్లాడారని మా మామ్మ ఏళ్ళ తరబడి చెప్పుకుంది. మామ్మ అంటే మా నాన్న తల్లి. మా ఇల్లు ఊరి వరసలో ఉండేది. సరిగ్గా మాకు ఎదురుగా, ఏటి వరసలో, మామ్మ చెల్లెలి ఇల్లు. ఆవిణ్ణి మేం చిన్నమామ్మ అనేవాళ్ళం. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఒక్కర్తే ఉండేది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని వీధికి అడ్డంగా పొద్దస్తమానూ మాట్లాడుకునేవారు. మధ్యలోంచి పోయే పడవవాళ్ళకి మా ఇంట్లో ఏం కూర వండారో, అందులో ఏం తక్కువైందో తెలిసిపోయేది.

ఆనకట్ట లేచాక దొరల కన్ను మా లంకల మీద పడింది. వరద రాకుండా ఏటికి గట్టు వెయ్యాలన్నారు. అంతవరకూ బాగానే ఉంది, వరదంటే ఏమిటో మాకు తెలుసు. ఇంతలో పడవ మీద పోతూ పోతూ ఒక దొరకి మా ఒడ్డు నచ్చిందట. ఏటి వరస ఇళ్ళు తీసేసి, గట్టు వేసి, వీధంతా చదును చేసి చెట్లు నాటితే జనం సాయంత్రాలు వచ్చి గాలి పీల్చుకుంటారన్నాడట. దండోరా వేసినవాడు ఆ మాట చెబితే మాకు నవ్వొచ్చింది. కోనసీమలో గాలికి కరువేమిటి, దానికోసం సర్కారు చోటు చూపించాలా అని రేవులో వారం రోజులు నవ్వుకున్నాం. ఆ తరవాత బంట్రోతులు సున్నం కుండతో వచ్చి ఏటి వరస తలుపుల మీద ఒక్కొక్క గీత గీసి వెళ్ళారు. గీత పడిన ఇళ్ళన్నీ తెల్లారేసరికి ఖాళీ చెయ్యాలన్నారు. ఆపైన ఎవరూ నవ్వలేదు.

ఇళ్ళు పడగొట్టిన రోజు ఎలా గడిచిందో సరిగ్గా చెప్పలేను, ఎందుకంటే మేమెవ్వరం చూడలేదు. ఊరి వరసలో ప్రతి ఇంటివాళ్ళూ తలుపులు బిగించుకున్నారు. అటు చూస్తే తమ తలుపు మీదా గీత పడుతుందేమోనని భయం. మా మామ్మ పడగెత్తిన తాచుని చీపురుతో తోలిన మనిషి. నడి ఏట్లో పడవ తిరగబడితే ఈదుకుంటూ వచ్చి, ముందు పోయిన తపేలా గురించి ఏడ్చిన మనిషి. అలాంటిది బంట్రోతు నడుం మీద ఇత్తడి బిళ్ళ కనపడితే చాలు, ఆవిడ నోట్లో తడి ఆరిపోయేది. ఎదురింట్లో దూలాలు కూలుతుంటే ఆవిడ వంటింట్లో మూలకి జరిగి చెవులు మూసుకుంది. సాయంత్రం తలుపు తీసేసరికి వీధికి అవతల చిన్నమామ్మ ఇల్లు లేదు, ఏరు కనిపించింది. మా ఇంట్లో ఉండమని మామ్మ బతిమాలి కబురు పంపింది. చిన్నమామ్మ రాలేదు. ఊరి చివర, ఎండకి ఉప్పు పేరుకునే పర్ర నేల పక్కన సర్కారు చూపించిన చోట తాటాకుల పాక వేసుకుంది. వీధిలో ఎదురుపడినా మాట్లాడడం మానేసింది.

గట్టు లేచింది. దాని మీద మొక్కలు నాటారు. వాటిని మన్నెం కొండల నుంచి పడవల్లో తెచ్చారు. వాటి పేరు మాకెవరికీ తెలీదు. కొబ్బరి, అరటి, పోక తప్ప వేరే చెట్టుతో మాకు పరిచయం తక్కువ. అందుకని వాటిని సర్కారు మొక్కలనే అనేవాళ్ళం. ఈ పని చూసే సర్కారు ఉద్యోగి అమీను గారు మెట్ట ప్రాంతం మనిషి, సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ ఉండేవారు. ఆయన ఊరి వరసని పిలిచి, ఎవరి గుమ్మానికి ఎదురుగా ఉన్న మొక్కని వాళ్ళే పెంచాలన్నారు. ఏ ఇంటివాళ్ళ మొక్క చచ్చిపోతే ఆ ఇల్లు ఈ తోపుకి అక్కర్లేనట్టు లెక్క, దాన్ని తీసేసి తోపు అంత మేరా లోపలికి జరుపుతామన్నారు. నిజంగా ఆయనకి అంత అధికారం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. ఒక వరస ఇళ్ళు కళ్ళ ముందు మాయమయ్యాక ఎవడడుగుతాడు?

మా వాటాకి వచ్చిన మొక్క సరిగ్గా చిన్నమామ్మ గడప ఉన్న చోట నాటారు. ఆరోజు నుంచి మా ఇంట్లో దానికంటే పెద్దమనిషి లేడు. మామ్మ దానికి తాటిమట్టలతో దడి కట్టించింది, మధ్యాహ్నం ఎండకి చాప కప్పించింది. కావిడితో నూతినీళ్ళు మొయ్యడం నా పని. పడవ మీద వెళ్ళి ఆలస్యమైతే నేనేమయ్యానని ఎవరూ అడిగేవారు కాదు, మొక్కకి నీళ్ళెవరు పోస్తారని అడిగేవారు. అప్పుడే కాపరానికి వచ్చిన మా ఆవిడ, ఇంటిల్లిపాదీ లేవగానే దాని మొహం చూడడం చూసి, అదేదో మా ఇంటి ఇలవేల్పు అనుకుని కొన్నాళ్ళు దణ్ణం పెట్టింది. ఎవరమూ వద్దనలేదు. ఒక మేక వీధి మొగలో కనిపిస్తే చాలు, కర్రలు పట్టుకుని బయటికి పరిగెత్తేవాళ్ళం. నిద్రలో కూడా నాకు ఆ మొక్క ఎండిపోయినట్టే వచ్చేది.

ఎండలు ముదిరాక ఆకుల అంచులు మాడడం మొదలుపెట్టాయి. మామ్మ పేడ వేసింది, చేపలు కడిగిన నీళ్ళు పోసింది, వీధిలో అందరూ చెప్పినవన్నీ చేసింది. ఎంత చేస్తే అంత వాడింది. ఆఖరికి ఒక ఉదయం చూసేసరికి ఆకులన్నీ రాలి దడిలో పడి ఉన్నాయి. రాలిన ఆకులు ఏరి మామ్మ ఒడిలో దాచుకుంది, అవి కనపడకపోతే మొక్క చచ్చినట్టు తెలియదన్నట్టు. మేం ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

అమీను గారు రానే వచ్చారు. దడి తీయించి, కర్రతో మొదట్లో మన్ను పెళ్ళగించారు. మన్ను మీద తెల్లగా పేరుకుని ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు. ఆయన మొహం మారిపోయింది. వాళ్ళ మెట్టలో నరికిన చెట్టు మళ్ళీ చిగిర్చకుండా మోడుకి ఉప్పు కూరుతారట. ఉప్పంటే ఆయన లెక్కలో చెట్టుకి విషం. చెల్లెలి ఇల్లు పడగొట్టిన కసితో, ఆ ఇంటి గడపలో నాటిన సర్కారు మొక్కని ముసలావిడ పగబట్టి చంపిందని ఆయనకి అక్కడికక్కడే తేలిపోయింది. పైగా ఇంకో సంగతి. ఉప్పు సర్కారు సొత్తు. కొఠారులో కొనుక్కోవాలి తప్ప, పర్రలో గీకి తెచ్చుకుంటే శిక్ష. ఇంత ఉప్పు ఎక్కడిదని ఆయన గద్దించారు.

మామ్మ వీధిలోకి వచ్చింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“నేనే పోసేనండి,” అంది. “బలం చేస్తుందని పోసేనండి. కొబ్బరికి పోస్తామండి.”

ఇది కొబ్బరి చెట్టా అని అడిగారాయన. ఉప్పు ఎక్కడిదని మళ్ళీ అడిగారు. దానికి జవాబు ఉందని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది, కానీ నేనే పోసేనండి అని మళ్ళీ అదే మాట అంది. నాకు ఆశ్చర్యమేసింది. మా ఇంట్లో ఉప్పు చిన్న జాడీడు మించి ఎప్పుడూ ఉండదు, అది మొక్కలో పోస్తే మాకు కూరలోకి ఉండదు. మన్ను మీద పేరుకున్నది తట్టలకొద్దీ ఉప్పు. అమీను గారు ఇంకో మాట లేకుండా బంట్రోతుని సున్నం కుండ తెమ్మని పంపారు. మా ఆవిడ లోపల సామాను మూట కట్టడం మొదలుపెట్టింది. ఆ గిన్నెల చప్పుడు వింటూ, మా నాన్న పుట్టిన ఇల్లు, నేను పుట్టిన ఇల్లు, తెల్లారేసరికి ఉండదని నాకు తెలిసిపోయింది. జీవితంలో అంత భయం నాకు మళ్ళీ కలగలేదు, ఏరు పొంగి పడవలో చావుదాకా వెళ్ళొచ్చినప్పుడు కూడా.

అప్పుడు వచ్చింది చిన్నమామ్మ. ఎవరు చెప్పారో తెలీదు, పర్ర వైపు నుంచి గట్టు మీద గబగబా నడిచి వచ్చి, చచ్చిన మొక్క పక్కన నిలబడింది. చేతులకి, పాదాలకి ఇంకా పర్ర బురద ఉంది. మామ్మ ఆవిణ్ణి చూసి వెళ్ళిపొమ్మని తల అడ్డంగా తిప్పింది. చెల్లెలు తెల్లవారుజామున వచ్చి ఉప్పు వేసి పోతోందని మామ్మకి మొదటి నుంచీ తెలుసట, చూసినట్టు తెలిస్తే రావడం మానేస్తుందని కిటికీ మూసుకునేదట. పైగా తన జాడీలోది తను వేరే వేసేదట. ఇద్దరి ప్రేమా కలిసి ఆ మొక్క ప్రాణం తీసింది. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి.

“అక్కకేం తెలీదండి,” అంది చిన్నమామ్మ. “ఉప్పు పర్రలో గీకి నేను తెచ్చేనండి. ఇది చచ్చిపోతే అక్క ఇల్లు తీసేస్తామన్నారు కదండీ. నాదెలాగూ పోయింది. అక్కదైనా ఉండాలని పోసేనండి.”

పర్ర ఉప్పు తెచ్చానని సర్కారు మనిషి ముందు ఒప్పుకోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. అమీను గారు గొంతు సవరించుకున్నారు, మళ్ళీ సవరించుకున్నారు. వచ్చి మా అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగారు. చెంబు అందిస్తే సగం నీళ్ళు మీద పోసుకున్నారు. దొరగారు పున్నమికి వస్తున్నారని, ఒక్క మొక్క చావలేదని తాను రాసి పంపానని, తక్కువైతే తన ఉద్యోగం పోతుందని, ఇంటి దగ్గర పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నారని నేలకేసి చూస్తూ చెప్పారు. మమ్మల్ని ఇన్నాళ్ళు వణికించిన మనిషి మా అరుగు మీదే వణుకుతుంటే నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు, ఇంకా భయమేసింది. ఇంతటివాడే భయపడుతుంటే పైనున్నవాడు ఎలాంటివాడో అనిపించింది.

లేచి వెళ్ళేముందు ఆయన అన్నమాట ఒక్కటే. “ఉప్పు సంగతి మీరు చెప్పలేదు, నేను వినలేదు.”

ఆ సాయంత్రమే ఉప్పు మన్ను తవ్వి ఏట్లో పోయించి, ఎక్కడిదో ఇంకో మొక్క తెచ్చి పెట్టించారు. బంట్రోతు తెచ్చిన సున్నం దడికి పూశారు. పున్నమికి దొర వచ్చాడు. మేమందరం ఎవరి మొక్క పక్కన వాళ్ళం నిలబడ్డాం. మామ్మ ఒక చేత్తో దడిని, ఒక చేత్తో నన్ను పట్టుకుంది. దొర గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. ఒక్క మొక్కని చూడలేదు. ఏటికేసి చూసి, టోపీ తీసి, అమీను గారితో ఏదో అన్నాడు. “గాలి బాగుందంటున్నారు,” అని అమీను గారు మాకు చెప్పారు. దొర పడవ ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఊరు రాలేదు.

చిన్నమామ్మ ఎంత పిలిచినా మా ఇంటికి ఉండడానికి రాలేదు. సాయంత్రాలు మాత్రం వచ్చి ఆ మొక్క పక్కన గట్టు మీద కూర్చునేది. అందరికోసం చేసిన చోటు కాబట్టి లెమ్మనే హక్కు ఎవరికీ లేదు, తన గడపే కదా అని అడిగే హక్కు ఆవిడకీ లేదు. మామ్మ మా అరుగు మీద కూర్చునేది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి, కాకపోతే కొంచెం గట్టిగా, మధ్యలో ఏటిగాలి ఉంది కదా. వేరే ఊళ్ళ జనం కూడా తోపు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. మేం నవ్వుకున్న గాలి పీల్చుకోవడానికే వచ్చేవారు. చిన్నమామ్మ పోయాక కూడా మామ్మ చాలా ఏళ్ళు బతికింది.

ఆఖరి రోజుల్లో ఆవిడకి మనుషులు ఆనవాలు పట్టడం తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, మొక్క బతికే ఉందా అని అడిగింది. అప్పటికి ఇప్పచెట్టని మాకు పేరు తెలిసిన ఆ సర్కారు మొక్క మా ఇంటి కప్పు దాటి పోయింది, దాని ఆకులు మా వాకిట్లో రోజూ తట్టెడు ఊడ్చేవాళ్ళం. బతికే ఉంది మామ్మా అన్నాను. “అయితే అమీను గారితో ఓసారి చెప్పేసిరారా,” అంది. అమీను గారు బదిలీ అయి, ముసలివారై, పోయి కూడా అప్పటికి ఎన్నేళ్ళో. చెప్పేసి వచ్చానన్నాను. నమ్మినట్టు కళ్ళు మూసుకుంది గానీ, నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు వదులు కాలేదు. కాలం ఆ మొక్కని మాను చేసింది, ఇళ్ళున్న చోటుని తోపు చేసింది, నన్ను ముసలివాణ్ణి చేసింది. మా మామ్మ భయాన్ని మాత్రం ముట్టుకోకుండా పక్క నుంచి నడిచి వెళ్ళిపోయింది.