మొదటి గుక్క

మా సైకిల్ రేసు జట్టులో కాళ్లకు మాలిష్ చేసే ఆయన్ని అందరం కాకా అనేవాళ్లం. పటాన్‌చెరులోని ఒక పైపుల ఫ్యాక్టరీ జీతాలిచ్చి నడిపిన జట్టు అది. రేసు మధ్యలో రోడ్డు పక్కన నిలబడి నీళ్ల సీసాలు అందించేదీ ఆయనే. మేం దగ్గరికొస్తుంటే ప్రతి సీసానూ ఎత్తి, మూతి తగలకుండా ఒక గుక్క పోసుకునేవాడు. "నేను తాగిన సూడు. ఇగ తాగుండ్రి!" అని అరిచేవాడు. ఆయన రాకముందు నీళ్లను అనుమానించాలని మాకెవరికీ తోచలేదు.

కొల్లూరు దగ్గర జరిగిన చివరి రేసులో కాకా తాగకుండానే సీసాలు అందించాడు. నాదాన్ని అందుకుని అవతలికి విసిరేశాను. దాహంతో వెనకబడ్డాను. మా కెప్టెన్ తనది గటగటా తాగి గెలిచాడు. తర్వాత పరీక్షలో అతని ఒంట్లో నిషేధించిన మందు బయటపడింది. "నాకేం తెల్వదు" అని ఏడ్చాడు. ఫ్యాక్టరీ వాళ్లు జెర్సీలు వెనక్కి తీసుకున్నారు. జట్టు కథ అంతటితో సరి.

సామాను సర్దుతుంటే అడిగాను.

"కాకా, ఆ దినం నీళ్లెందుకు తాగలే?"

ఆయన నొచ్చుకున్నాడు. "గదేం మాట తమ్మీ! శివరాత్రి గదా. ఒక్కపొద్దు ఉన్న. పొద్దుగాల్నుంచి సుక్క నీళ్లు గూడ ముట్టలే."

నిజమే, ఆ రోజు శివరాత్రి. మనసు తేలికపడి బస్సెక్కాను.

పోతిరెడ్డిపల్లి దాటాక గుర్తొచ్చింది. ఆ పొద్దున రేసుకు ముందు కాకా నాకు చాయ్ పోసిచ్చాడు. ఎప్పటిలాగే, ముందు తన గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి.