ప్రమాదం, అవసరం లేదు

కరోనా తాళాలు తీసిన మరుసటి ఏడు ఆడి మాసంలో, అంటే తమిళనాడు ఆషాఢంలో, నన్ను విరుదునగర్ ప్రధాన శాఖ నుంచి కోవిల్‌పట్టి శాఖకు బదిలీ చేశారు. మాది ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయం. నా హోదా రెండో శ్రేణి లైబ్రేరియన్. మొదటి శ్రేణి అంటే సంతకం పెట్టేవాడు. రెండో శ్రేణి అంటే తాళం తీసి, ఊడ్చి, పుస్తకాలిచ్చి, పుచ్చుకుని, మళ్లీ తాళం వేసి, మిగిలిన ఓపికతో సంతకం కూడా పెట్టేవాడు. ఆడి గాలి ఆ ఊళ్లో ఎలా వీస్తుందంటే, పొద్దున బల్ల తుడిచి కూర్చుంటే మధ్యాహ్నానికి దాని మీది దుమ్ములో జొన్నలు చల్లుకోవచ్చు. సీలింగ్ ఫ్యాను ఒకటుండేది. దాని రెక్క మీద వాలిన ఈగ తీరిగ్గా హాలంతా చుట్టి చూసి, నచ్చకపోతే దిగి వెళ్లిపోయేది.

నాకు అప్పగించిన పని ఏరివేత. ప్రతి గ్రంథాలయ పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన ప్రతిసారీ దాని మీద తేదీ ముద్ర వేస్తాం. ఏళ్ల తరబడి ముద్ర పడని పుస్తకం మా లెక్కలో చనిపోయినట్టే. వెన్ను మీది నంబరు కాగితం పీకి, పాత కాగితాలవాడికి అప్పగించడమే దాని అంత్యక్రియ. ఆ శాఖలో అన్నిటికంటే ముందు పోవలసింది తెలుగు నవలల ర్యాక్. విజయవాడ నుంచి ఒక పెద్దమనిషి విరాళంగా పంపిన పుస్తకాలవి. చీటీలన్నీ పెళ్లిచూపులకు ఉతికి ఆరేసిన పంచెల్లా తెల్లగా ఉన్నాయి.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఇక్కడ తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకి కొదవ లేదు, తెలుగు చదివేవాళ్లే లేరు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళం, బడిలో తమిళం, ఇంగ్లీషు. నేను అక్షరాలు నేర్చుకున్నది తిరుపతిలో లైబ్రరీ కోర్సు చేసిన రోజుల్లో, బస్సు బోర్డులు చదివి. అందుకే ఇప్పటికీ నాకు ఊళ్ల పేర్లు వచ్చినంత వేగంగా మిగతా మాటలు రావు.

లైబ్రేరియన్‌కి పుస్తకాల మీద సొంత అభిప్రాయాలు ఉండకూడదంటారు. నాకు ఉన్నాయి. చారిత్రక నవలల్లో సూర్యోదయాలు మరీ ఎక్కువ. ఒకదాంట్లో సేనాధిపతి గుర్రం ఎక్కడం మొదలుపెట్టాక నేను లేచి టిఫిన్ తిని, ఒక కునుకు తీసి వచ్చాను. అప్పటికీ ఆయన ఒక కాలు నేల మీదే ఉంది. డిటెక్టివ్ నవలల్లో చివరి పేజీని ఎవరో చింపుకుపోయి ఉంటారు. నా ఉద్యోగ జీవితంలో హంతకుల కంటే ఆ పేజీల దొంగలే నన్ను ఎక్కువ ఏడిపించారు. కుటుంబ నవలలు బాగానే ఉంటాయి గాని, అందులో చెప్పవలసిన ఒక్క మాట ఎవరూ చెప్పరు. చెప్పేస్తే నవల రెండో పేజీలో అయిపోతుందని వాళ్లకీ తెలుసు.

నా అభిప్రాయాలకు పోటీగా ఆ ఊళ్లో ఒకే ఒక్క మనిషి ఉంది. పేరు జక్కమ్మ, నాకంటే పెద్దది. తీపెట్టి ఆఫీసులో పని. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అక్కడ అందరూ ఆఫీసనే అంటారు. గంధకం వాసనతో లోపలికి వచ్చి తమిళ నవలలు పట్టుకుపోయేది. దెయ్యాల కథ, రాజుల కథ, ప్రేమకథ, చంద్రుడి మీదికి వెళ్లే కథ, ఏదైనా సరే. తిరిగి ఇచ్చేటప్పుడు తీర్పు చెప్పకుండా పోదు.

దెయ్యాల నవల గురించి ఇలా అంది. “ఒక దెయ్యానికి అంత పెద్ద బంగళా ఏమిటికి తంబీ? మేము ఎనిమిదిమంది ఒక గదిలో ఉండాము. బయపడాల్సింది ఎవురు?”

డిటెక్టివ్ నవలకి: “చంపినోడు వాడేనని నాకి ముందే తెలిసె. అందరికీ ఊరికే కాప్పి ఇస్తుండాడు. మా ఆఫీసులో ఊరికే కాప్పి ఇచ్చేవాణ్ణి నేను చూసిందే లేదు.”

చంద్రుడి మీదికి వెళ్లిన నవలను బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది. “అంత దూరం పోయినాక కూడా ఆ బిడ్డే అందరికీ వడ్డిస్తుండాది. దానికి రాకెట్టు ఏమిటికి? మా ఇంటికే వచ్చి ఉండొచ్చు కదా.”

ఏరివేత మొదలుపెట్టిన రోజున ఆమె ఆ ర్యాక్ ముందు నిలబడి, ఇవేమిటని అడిగింది. మన భాషలో నవలలని చెప్పాను. మన భాషకి పుస్తకాలు ఉంటాయా అని ఆమె నన్ను అనుమానంగా చూసింది. నేను ఏదో ఒకటి లాగి మొదటి పేజీ పైకి చదివాను. అలసటలో చేసిన పని అది. అక్కడితో ఆపి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు. మరుసటి ఆదివారం ఆమె తన ఆఫీసు స్నేహితురాలు ఎస్తేరును వెంటబెట్టుకొచ్చి కూర్చుంది. ఆపై ఆదివారానికి ఇంకొందరు. వీళ్లెవరికీ తెలుగు చదవడం రాదు, నేను చదవాలి. ఎస్తేరు మాత్రం నేను చదువుతుంటే హాయిగా నిద్రపోయి, నవ్వవలసిన చోట కళ్లు తెరవకుండానే నవ్వేది.

చిక్కు ఏమిటంటే, వినడానికి ముద్ర లేదు. పుస్తకం ఇంటికి వెళ్లదు కాబట్టి చీటీ తెల్లగానే ఉంటుంది. నేను ఏరివేత ఆపి, ఈ సంగతి విరుదునగర్‌లోని ట్రస్టు కార్యదర్శిగారికి విన్నవించుకున్నాను. ఆయన ఓపికగా విని, నిబంధన ప్రకారం ముద్ర కావాలి, అది లేకపోతే పాఠకుల అభిప్రాయం కావాలి, దాన్ని తెలుగు తెలిసిన బయటి మనిషే తీసుకోవాలి అన్నారు. అలా వచ్చారు పార్థసారథిగారు. ఆ పుస్తకాలు విరాళమిచ్చిన విజయవాడ పెద్దమనిషి ఆయనే. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన మాట మీదే ర్యాక్ ఉండడం, పోవడం.

ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. ఆ వేడిలో ఆయన ఇస్త్రీ చొక్కా ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది, మిగతా అందరం వాలిపోయాం. ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. అప్పటికి మేము సగం చదివిన నవల గురించి ఆయన మొదట అడిగారు.

“ఎలా ఉందమ్మా ఈ నవల?”

“పిరమాదం సార్,” అంది జక్కమ్మ.

ఆయన కనుబొమలు ముడిచారు. “తెలుగులో దెయ్యాల కథ ఒకటి విన్నారట?”

“అదీ పిరమాదమే.”

“పోనీ, పిల్లల నవల ఉంది కదా, కుందేలుది?”

“అయ్యో, అది చాలా చాలా పిరమాదం,” అంది ఎస్తేరు, నిద్రలోంచి లేచి.

ఆయన కాసేపు కుందేలు గురించి ఆలోచించారు. తర్వాత మెల్లగా అడిగారు. “అయితే ఈ పుస్తకాలు మీకు అవసరమేనా అమ్మా? మొహమాటపడకుండా చెప్పండి.”

“అవసరమా?” జక్కమ్మ నవ్వింది. “అవసరం ఒకటీ లేదు సార్. మేము యాడికి పోతాము?”

నేను పక్కనే ఉన్నాను. నా చెవికి ఇందులో తప్పేమీ తోచలేదు. పరీక్ష మంచిగా జరిగిందనుకుని కడలై మిఠాయి, అదే పల్లీ పట్టీ, తెప్పించాను కూడా.

కార్యదర్శిగారికి నివేదిక చెప్పడానికి ఇద్దరం కారులో విరుదునగర్ బయలుదేరాం. సాత్తూరు దాటాక పార్థసారథిగారు, ఎంతో మర్యాదగా, ఆ పేదవాళ్లకి ఇష్టం లేని పుస్తకాలు వినిపించి ఎందుకు బాధిస్తున్నారని అడిగారు. అన్నీ ప్రమాదమనీ, అవసరమే లేదనీ వాళ్ల నోటితో వాళ్లే చెప్పారుగా అన్నారు.

నాకు అర్థం కావడానికి రెండు లారీలు ఎదురొచ్చి పోయినంత సేపు పట్టింది. తమిళంలో పిరమాదమంటే బ్రహ్మాండం, అద్భుతం. అవసరమంటే తొందర. మా ఇళ్లలోని తెలుగులోనూ అంతే. తొందరగా కావాలా అని ఈయన అడిగారనుకుని, తొందరేమీ లేదు, మేము ఇక్కడే ఉంటాం కదా అని జక్కమ్మ చెప్పింది. నేను వివరించిన కొద్దీ ఆయన మొహంలో జాలి పెరిగింది. ర్యాక్ కాపాడుకోవడానికి నిఘంటువునే తిరగరాస్తున్న మనిషిని చూసినట్టు చూశారు.

విరుదునగర్‌లో కార్యదర్శిగారు ఆదివారం నిద్ర పాడైన చిరాకులో ఉన్నారు. ఆయన తమిళుడు. పిరమాదమంటే మంచి మాటే కదా అని, ఆవలిస్తూ, నా పక్షాన సాక్ష్యం చెప్పారు. పార్థసారథిగారు ఒప్పుకున్నారు గాని, దానితో సంగతి ఇంకా ముదిరింది. ఒక్క మాటలోనే ఇంత తేడా ఉంటే, మొత్తం నవలలో వాళ్లకి ఏం అర్థమైనట్టని అడిగారు. అర్థం కాని పుస్తకాలు అక్కడ ఉంచడం ఎవరికి మేలని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను జక్కమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, సగం చదివిన ఆ నవల కథ ఈ సార్‌కి చెప్పమన్నాను.

“ఇప్పుడా? పొయ్యి మీద సాంబారు ఉండాదే,” అంటూనే మొదలుపెట్టింది. ఒక లాయరు గోదావరిలో పడవ మునిగి తప్పిపోతాడు. చాలా ఏళ్లకు వేరే పేరుతో, గడ్డంతో తిరిగి వచ్చి, తన ఇంట్లోనే అద్దెకు దిగుతాడు. భార్య ఆయనకి పూటకింత భోజనం పెడుతుంది.

“ఎవరో తెలియక,” అన్నారు పార్థసారథిగారు.

“ఎట్ల తెలియకుండా పోతుంది సార్? తెలుసు. చెప్పలేదు, అంతే.”

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఆ నవలను తాను ఏళ్ల తరబడి పాఠం చెప్పానని, ఆమె గుర్తుపట్టకపోవడమే ఆ కథలోని విషాదమని చెప్పారు.

“మీరు మొగోళ్లు సార్. గడ్డం పెట్టుకుంటే మారిపోయినామని మీకు అనిపిస్తుంది,” అంది జక్కమ్మ. “ఆయన మెట్లు ఎక్కేటప్పుడు దగ్గుతాడని మూడు తావుల రాసి ఉండాది. ఆమె ఆ దగ్గు వినే అన్నం తట్ట పెడుతుండాది.”

“అది రచయిత ఊరికే రాసిన వర్ణనమ్మా.”

“ఊరికే ఎవురు సార్ దగ్గుతారు?”

అటు కుక్కర్ కూత, ఇటు ఈయన గొంతు. కార్యదర్శిగారి నిద్ర పూర్తిగా వదిలిపోయింది. వాదన ఎంతకీ తెగకపోవడంతో పార్థసారథిగారు, చివరి అధ్యాయంలో ఏముందో చెప్పనా అన్నారు. జక్కమ్మ గొంతు ఒక్కసారిగా మారింది. “వద్దు సార్, చెప్పకండి. తంబి చదువుతాడు. మేము విని చెబుతాము.”

ఫోన్ పెట్టేశాక పార్థసారథిగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఆ నవల పూర్తయ్యేదాకా ర్యాక్ కదపకూడదని కార్యదర్శిగారితో చెప్పారు. కార్యదర్శిగారు సరేనని, తన నిద్రకి బదులు తీర్చుకున్నారు. నన్ను మళ్లీ ప్రధాన శాఖకు బదిలీ చేసి, ప్రతి ఆదివారం సొంత సెలవులో కోవిల్‌పట్టి వెళ్లి చదవాలన్నారు. ఆ బస్సుల్లో నేను నిలబడ్డ దూరాన్ని పొడుగ్గా పరిస్తే చంద్రుడి నవలలో వాళ్లు వెళ్లిన దారి చిన్నబోతుంది.

కార్తికంలో చివరి అధ్యాయానికి వచ్చాం. పార్థసారథిగారు చెప్పిందే నిజం. భార్య గుర్తుపట్టలేదని, ఆ లాయరు చనిపోయాకే ఆమెకి తెలిసిందని రచయిత దాపరికం లేకుండా రాశాడు. నేను చదివి, పుస్తకం మూసి, జక్కమ్మ వైపు చూశాను. ఎస్తేరు కూడా మేలుకునే ఉంది.

“రాసినాయనకి కూడా ఆమె చెప్పలేదు తంబీ,” అంది జక్కమ్మ.

ఆ మాట నేను ఫోన్‌లో ఉన్నదున్నట్టు పార్థసారథిగారికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఖండించనూ లేదు. తర్వాత ఏ నవల మొదలుపెడుతున్నారని మాత్రం అడిగారు. అలా ఒకదాని వెనక ఒకటి. నా గొంతు అరిగిపోయి ముందస్తు విరమణ తీసుకునేదాకా ఆ ర్యాక్ అక్కడే ఉంది, ఒక్క ముద్రా లేకుండా.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించిన చిన్న విషయం. పాఠకుల అభిప్రాయాన్ని ఒక్క మాటలో తీసుకోకూడదు. ఆ మాట వాళ్ల ఊరిది, వినే చెవి మన ఊరిది. కథ చెప్పమనాలి. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగి పోట్లాటకు దిగుతారో, అభిప్రాయం అక్కడ ఉంటుంది. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, పుస్తకం తిరిగి ఇచ్చిన ఎవరినీ ఎలా ఉందని అడగలేదు. ఏం జరిగిందని అడిగాను.